తుపాను సిస్టర్ గారి కూర్చునే క్లాసు

వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం నవంబరు మాసం పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, మన ఆసుపత్రి ప్రసూతి విభాగంలో నర్సుగా చేరిన ఒక ఇరవై రెండేళ్ల యువతి, తొలి గంట ముగియకముందే స్టోరు గుమస్తాను మాసిన దుప్పట్ల విషయమై ఎంత ఘాటుగా మందలించారంటే, ఆయన ఆ వారమంతా ప్రసూతి విభాగం ఉన్న అంతస్తులోనే అడుగు పెట్టలేదని పాతవాళ్లు చెబుతారు. ఆనాడు పడిన 'తుపాను సిస్టర్' అన్న పేరు సుదీర్ఘమైన సేవాకాలం పొడవునా వారిని అంటిపెట్టుకునే ఉంది. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న వారిని మరో పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుంటారు గనుక ఇక్కడా అదే ఉంచడమైనది. అనుమతి అడిగితే, "ఇప్పుడు మార్చి ఎవరిని మోసం చేస్తావు మేస్త్రీ? ఉండనీ" అన్నారు.

వారి వీడ్కోలు కోసం ఈ మాటలు కూర్చినవాడు ఆసుపత్రి వడ్రంగి మేస్త్రీ. ఏడో తరగతితో బడికి స్వస్తి చెప్పి ఉలి పట్టినవాడు. ఇక్కడ పదవీ విరమణ చేసిన ప్రతి ఒక్కరి అభినందన పత్రానికీ చట్రం బిగించింది అతనే. అద్దం తుడుస్తూ చదివి చదివి 'కార్యదీక్ష', 'నిరుపమాన సేవ' వంటి పదాలు అతనికి కంఠస్థమయ్యాయి. ఆ పదాలు తన పేరు పక్కన ఎవరూ రాయబోరని కూడా అతనికి తెలుసు. అందుచేత ఇందులో 'నేను' అనే మాట మాని, తననూ 'మేస్త్రీ' అనే చెప్పుకున్నాడు. అసూయపడిన చోట అసూయపడ్డాడనే రాశాడు. ఊరికే మెచ్చుకునేవాడు దూరం నుంచి చూసి వెళ్లిపోతాడు; కుళ్లుకునేవాడు మాత్రం ఎదుటి మనిషి గొప్పను అంగుళం అంగుళం కొలిచి చూస్తాడు.

ప్రసూతి విభాగం నుంచి శస్త్రచికిత్స గదికి, అక్కడి నుంచి స్త్రీల ఓపీకి మారిన సిస్టర్ గారు, గర్భాశయ ముఖద్వార పరీక్షల బాధ్యతను స్వీకరించిన నాటి నుంచి ఆ పనిని ఉద్యోగంగా గాక పంతంగా నిర్వహించారు. పరీక్షలో కణాలు తేడాగా కనిపించినంత మాత్రాన అది క్యాన్సరు కాదనీ, చాలామందిలో వాటంతట అవే సర్దుకుంటాయనీ, కొందరిలో మాత్రం ముదురుతాయి గనుక మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవాలనీ ఎందరికి ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. భయపడి ముఖం చాటేసిన ఒక దర్జీ ఆవిడ కొట్టుకు స్వయంగా వెళ్లి, కొత్త బట్టలకని కొలతలు ఇచ్చి, టేపు చుట్టి పెట్టగానే ఆవిడ మణికట్టు పట్టుకున్నారట. "నా కొలతలు అయ్యాయి కదమ్మా, ఇక నీవి చూద్దాం, నడు" అని బస్సెక్కించి తీసుకొచ్చారు. ఆ బట్టలు మాత్రం బిగుతుగా కుట్టిందని సిస్టర్ గారికి ఇప్పటికీ ఆవిడ మీద ఫిర్యాదు ఉంది.

అంతటి వారిని, మనసు నిలిపి ఒత్తిడి తగ్గించుకునే సాధన నేర్చుకు రమ్మని శిక్షణకు పంపారు పెద్ద డాక్టరమ్మ గారు. వెళ్లడానికి మరొకరు ఒప్పుకోకపోవడమే అందుకు ముఖ్య కారణం. క్యాంటీన్లో ఆ రోజంతా అదే నవ్వులాట. "తుపానుకు గాలి పీల్చడం నేర్పుతారట!" అన్నది మేస్త్రీయే. తిరిగి వచ్చాక సిస్టర్ గారి కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. అయితే నోరు తెరవబోయే ముందు ఒక్క క్షణం ఆగేవారు. ఆ క్షణం తిట్టు కంటే భయంకరంగా ఉండేది.

అటు తర్వాత పెద్ద డాక్టరమ్మ గారు ఒక పరిశోధన తలపెట్టారు. కణాలు తేడాగా ఉండి పరీక్షలకు వస్తున్న స్త్రీలకు ఎనిమిది వారాలు ఈ సాధన నేర్పితే వారి దిగులు తగ్గుతుందా, దానితో పాటు రక్తంలోని రోగనిరోధక కణాల్లో ఏమైనా మార్పు వస్తుందా అన్నది ప్రశ్న. చీటీలు తీసి సగం మందిని వెంటనే సిస్టర్ గారు నేర్పే క్లాసులో కూర్చోబెట్టారు. మిగతా సగం తమ వంతు వచ్చేదాకా రక్తం ఇవ్వడానికి మాత్రమే రావాలి. రెండు జట్లనూ పోల్చి చూస్తే గదా తేడా తెలిసేది. పాత స్టోరు గదిని మేస్త్రీ ప్లైవుడ్ గోడతో రెండు చేశాడు. ఉన్నది ఒకటే ఫ్యాను కావడం వల్ల, గాలి రెండు పక్కలా ఆడాలని ఇంజనీరుగారు గోడ పైభాగం తెరిచి ఉంచమన్నారు. ఇవతలి పక్క, రక్తం ఇచ్చినవాళ్లు కూర్చునేందుకు ఒక బెంచీ వేశారు.

ఆ రోజుల్లోనే మేస్త్రీ ఇంట్లో ఒక వింత మొదలైంది. అతను అరిస్తే భార్య తిరిగి అరవడం మానేసింది. గిన్నె చేతిలో పట్టుకుని, రెండు పాదాలూ నేల మీద ఆన్చి, ఊరికే నిలబడేది. తగువులో అవతలి కొస ఎవరూ పట్టుకోకపోతే మగవాడు ఎంతసేపని ఒక్కడే లాగుతాడు? బుధవారం బుధవారం చెల్లెలి ఇంటికని వెళ్లి, వచ్చేటప్పుడు ఏదో దాచుకున్న మనిషిలా వచ్చేది. ఆ చెల్లెలి మీద కూడా అసూయపడ్డాడు మేస్త్రీ.

ఒక బుధవారం స్టోరు గది తలుపు కిర్రుమంటోందని కబురొస్తే స్క్రూడ్రైవరు తీసుకుని వెళ్లాడు. గోడ అవతల సిస్టర్ గారి గొంతు వినిపిస్తోంది. "భయం వస్తే తోసెయ్యకండి అమ్మా. వచ్చిందా, పక్కన కూర్చోమనండి. మీ కుర్చీ మాత్రం ఇవ్వకండి." ఇవతల బెంచీ మీద, ఆ గొంతుకే చెవులు అప్పగించి, కళ్లు మూసుకుని నలుగురైదుగురు ఆడవాళ్లు. వాళ్లలో ఒకరు అతని భార్య. ఆ ముఖంలో ఉన్న నెమ్మది పెళ్లయిన ఇన్నేళ్లలో అతని ఎదుట ఒక్కసారి కూడా కనిపించలేదు.

"ఏమే! నువ్విక్కడేం చేస్తున్నావు?"

"ష్!" అన్నారు మిగతావాళ్లు కళ్లు తెరవకుండానే.

"చెల్లెలి ఇల్లు ఇక్కడికి ఎప్పుడు మారింది?"

"అన్నయ్యా, కాస్త ఆగవయ్యా, ఇప్పుడే భుజాల దాకా వచ్చాం" అంది చివరన కూర్చున్న బస్సు కండక్టరమ్మ.

అవతల గొంతు ఆగిపోయింది. తలుపు తెరుచుకుని సిస్టర్ గారు బయటికి వచ్చి, బెంచీని చూశారు, పైన తెరిచి ఉన్న గోడను చూశారు. ఆ ఒక్క క్షణం ఆగారు. "మీరంతా ఎప్పటి నుంచి వింటున్నారమ్మా?" అని నెమ్మదిగా అడిగారు.

"మొదటి నుంచీ సిస్టర్" అంది కండక్టరమ్మ. "చీటీ వాళ్లకొస్తే మేమేం పాపం చేశాం? లోపలివాళ్లను చూస్తే కడుపు మండేది. రక్తం ఇచ్చాక ఊరికే కూర్చుంటే ఎవరైనా వద్దంటారా అని కూర్చున్నాం."

మేస్త్రీకి ఆ గొడవ పట్టలేదు. సిస్టర్ గారి దారికి అడ్డం నిలబడి, "మా ఆవిడకు ఏమైంది? చెప్పండి" అన్నాడు.

"ఆమెను అడుగు."

"మీకు తెలుసు కదా! కట్టుకున్నవాడికి తెలియంది మీకెందుకు తెలియాలి?"

"నాకు తెలియడం నా ఉద్యోగం మేస్త్రీ. నీకు చెప్పడం ఆమె ఇష్టం. ఆమె చెప్పమనేదాకా నన్ను రంపంతో కోసినా చెప్పను. ఇక జరుగు, నేను వెళ్లి తిట్లు తినాలి."

తిట్లు తినడానికి వెళ్లిన వారిని మెచ్చుకోక తప్పదు. విన్నవాళ్లను విననివాళ్లుగా లెక్కగడితే ఆ పరిశోధన అబద్ధమవుతుంది. ఈ సంగతి బెంచీ మీదివాళ్లకూ మేస్త్రీకీ తప్ప ఎవరికీ తెలియదు. మూసిపెట్టి ఉంటే పత్రికలో పెద్ద డాక్టరమ్మ గారి పేరు కింద సిస్టర్ గారి పేరు కూడా పడేది. దాని కోసం వారెంత ఆశపడ్డారో ఆ విభాగంలో అందరికీ తెలుసు. అయినా ఆ పూటే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పారు. పెద్ద డాక్టరమ్మ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "సరే, ఈ విడత లెక్కలోకి రాదు. వాళ్లను బయట ఎందుకు కూర్చోబెట్టడం, లోపలికి రానివ్వండి" అన్నారు. "అన్నయ్య అరుపు పుణ్యమే ఇది" అని కండక్టరమ్మ ఆసుపత్రంతా చాటింది.

అలా మేస్త్రీ భార్య లోపలికి వెళ్లింది, మేస్త్రీ బయట మిగిలాడు. ఆ తలుపుకు జరిగినన్ని మరమ్మతులు ఈ ఆసుపత్రిలో ఏ తలుపుకూ జరగలేదు. ప్రతి బుధవారం ఏదో ఒక మేకు బిగిస్తూ, ఆ గొంతు తన భార్యతో ఏమంటోందో వినేవాడు. తను ఇన్నేళ్లుగా చెప్పిన ఒక్క మాటా వినని మనిషి, ఆ గొంతు 'ఊపిరి పీల్చు' అంటే పీలుస్తోంది, 'వదులు' అంటే వదులుతోంది. ఒళ్లు మండిపోయేది. ఒకసారి లోపలి నుంచి కాస్త గట్టిగా, "భుజాలు కిందికి దించండి. తలుపు దగ్గరున్నవాళ్లు కూడా!" అని వినిపించింది. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మేస్త్రీ భుజాలు దించాడు. దించాక గాని అవి చెవుల దాకా లేచి ఉన్నాయని తెలియలేదు.

క్లాసులు ముగిసిన వారం, బీన్సు తుంచుతూ భార్య తనంతట తానే చెప్పింది. "గర్భసంచి మూతి దగ్గర కణాలు తేడాగా ఉన్నాయన్నారు. క్యాన్సరు కాదు. చూపించుకుంటూ ఉండాలి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అరుస్తావు, లేకపోతే ఏడుస్తావు. నా భయానికే నా ఓపిక చాలడం లేదు, నీది కూడా ఎక్కడ మొయ్యను?"

ఆ రోజు అతను అరవలేదు. పెరట్లోకి వెళ్లి, ఆమె అన్న ఆ రెండోదే చేశాడు. ఆమె పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ లోపలికి తోడు వెళ్లింది మాత్రం సిస్టర్ గారే. "నేనొస్తా" అంటే, "నువ్వొద్దు" అనేది భార్య, అంత తేలిగ్గా.

పరిశోధన మరుసటి సంవత్సరం వేరే భవనంలో మొదటి నుంచి జరిగింది. సాధన చేసినవారికి దిగులు తగ్గి నిద్ర బాగుపడిందనీ, రోగనిరోధక కణాల విషయంలో మాత్రం గట్టిగా చెప్పగలిగినంత తేడా కనబడలేదనీ పెద్ద డాక్టరమ్మ గారు నిజాయితీగా రాశారు. ఆ మాట విని మేస్త్రీ లోలోపల సంతోషించాడు. సంతోషించినందుకు సాయంత్రం దాకా తన ముఖం తనకే నచ్చలేదు. కొంతకాలానికి అతని భార్య కణాలు మామూలు స్థితికి వచ్చాయి. ఆమె మిఠాయి పట్టుకెళితే సిస్టర్ గారు కసిరారు. "క్లాసు వల్లనని ఎవరితోనూ అనకమ్మా. దేనివల్లో నాకు తెలియదు. కూర్చోవడం వల్ల నువ్వు పారిపోకుండా పరీక్షకు వచ్చావు, అంతవరకే నాకు తెలిసింది. ఏడాదికోసారి మానకు." ఇదంతా అచ్చువేయడానికి భార్య సమ్మతించింది. "చదివి ఒక్కరైనా పరీక్షకు వెళతారేమో, రాయి" అంది.

ఇటీవల, పదవీ విరమణ సంగతి తెలిసి ఆమె సిస్టర్ గారి దగ్గరికి వెళ్లి నిలబడింది. "మీరు వెళ్లిపోతే నాతో లోపలికి ఎవరొస్తారు సిస్టర్? ఇంటి నుంచి రండి, నా కోసం."

"రాను. ఇంట్లో అంత మనిషిని పెట్టుకుని నన్ను లాక్కొస్తావేం?"

"ఆయనా! సూది చూస్తేనే పడిపోతాడు."

"పడితే లేపడానికి ఇంతమంది నర్సులున్నారు. తీసుకెళ్లు" అన్నారు సిస్టర్ గారు, మేస్త్రీ వైపు చూడకుండా.

గత వారం ఆ పరీక్షకు మేస్త్రీ తెర లోపలికి వెళ్లాడు. భార్య తల పక్కన స్టూలు మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "నొప్పిగా ఉందా?" అన్నాడు. లేదంది. కాసేపటికి, "నొప్పిగా ఉందా?" అన్నాడు. ఆమె కళ్లు తెరవకుండానే, "సిస్టర్ ఒక్కసారే అడిగేది" అంది. అతనికి చురుక్కుమంది. మూడోసారి నోటి దాకా వచ్చిన మాటను మింగి, చెయ్యి మాత్రం పట్టుకుని కూర్చున్నాడు. పడిపోలేదు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ భార్య అంది: "పర్లేదు. వచ్చే ఏడాది కూడా రా."

తనకు దక్కవలసిన చోటును ఇన్నాళ్లు పదిలంగా కాపాడి, వెళ్తూ వెళ్తూ తనకే అప్పగించిన ఈ మహనీయురాలికి మేస్త్రీ చేతులు జోడిస్తున్నాడు. కుళ్లు ఇంకా కొంత మిగిలే ఉందని కూడా మనవి చేసుకుంటున్నాడు. రెండోసారి అడగకుండా ఉండటం అతనికి వచ్చేదాకా సిస్టర్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చల్లని మనసుతో, అవసరమైనంత కోపంతో, తమ వారందరి మధ్య సుఖంగా ఉండాలని ఆకాంక్షిస్తున్నాడు. మేస్త్రీ నేర్చుకునే వేగం ఎరిగిన ఈ ఆసుపత్రి వారందరికీ అది ఎంతటి దీర్ఘాయుష్షో వేరే విన్నవించనక్కర్లేదు.