గుండీలు తెంపుకుని విన్న కథ

ఏంటే, పొద్దుటి నుంచీ ఆ తెల్లకాగితం ముందేసుకుని గోళ్లు కొరుక్కుంటున్నావు? మొదటి నవలకే ఇంత అవస్థ అయితే ఎలాగే తల్లీ. ఇలా వచ్చి ఈ బఠాణీలు ఒలువు, చేతికి కాస్త పని తగిలితే బుర్ర కుదుటపడుతుంది. ఆఁ, ఏంటీ? రాయాలన్న హుషారు చల్లారిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలా? బావుంది, పోయిపోయి నన్నడుగుతున్నావు. ఉత్తరం ముక్క రాయాలంటేనే నాకు చెమటలు పట్టేవి. మా అన్నయ్య ఉంటే చెప్పేవాడు. కాదులే, ఉన్నా చెప్పేవాడు కాదు. నీకు తాతవరసే ఆయన, నువ్వు పుట్టకముందే పోయాడు. అందరూ నవలాయన అనేవారు. ఒక్క పేజీ రాయకముందే ఆ పేరు పడిపోయింది, ఇక పోయేదాకా వదల్లేదు. ఆ పేరు వింటే అలమర నిండా పుస్తకాలు రాసి పడేశాడనుకుంటావు.

ఆయన చేసేది దర్జీ కొట్లో కాజాల పని. మాస్టర్ బట్ట కత్తిరిస్తాడు, మిషన్ మీద ఇంకొకాయన కుడతాడు, చివరికి ఆ చొక్కా మా అన్నయ్య ఒళ్లో పడుతుంది. గుండీ దూరే చిల్లు కోసి, దాని అంచు చుట్టూ దారంతో దగ్గర దగ్గరగా చేత్తో కుట్టాలి. ఇప్పుడదంతా మిషన్లే చేసేస్తున్నాయనుకో. గుమ్మం పక్కన, వెలుతురు పడేచోట చిన్న పీట ఉండేది ఆయనకి. పొద్దస్తమానం తల వంచుకుని అదే పని. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి, అన్నం దగ్గర ఇంకాస్త వెయ్యమని అడగడానిక్కూడా మొహమాటమే. కానీ సూదిలోకి దారం ఎక్కిందా, ఇక కథ దానంతటదే వచ్చేసేది. తల ఎత్తకుండా, ఎవరితోనో అన్నట్టు కాకుండా, ఆ చొక్కాతోనే మాట్లాడుతున్నట్టు చెప్పుకుంటూ పోయేవాడు.

కథేంటంటే, ఒక చిన్న స్టేషన్లో టికెట్లిచ్చే అమ్మాయి. ఆవిడ గదికి కిటికీ ఇంతే, చెయ్యి పట్టేంత. బయట నుంచున్నవాళ్ల మొహాలు కనపడవు, చేతులే కనపడతాయి. వణికే చేతులూ, సుద్ద అంటిన చేతులూ, పక్కవాణ్ణి తోసుకుని దూరే చేతులూ. వాటన్నిట్లోకీ ఒక చెయ్యి, బొటనవేలి మొదట్లో కాలిన మచ్చ ఉన్నది, ఆవిడ మనసులో పడిపోయింది. ఆ చెయ్యి రాని రోజు పరధ్యానంలో అందరికీ వేరే ఊళ్ల టికెట్లు ఇచ్చేసేది. ఇంతే, వింటే ఏముంది అనిపిస్తుంది. ఆయన చెబుతుంటే మాత్రం కొట్లో కూర్చున్నవాళ్లు వాళ్ల చేతులు వాళ్లే తిప్పి తిప్పి చూసుకునేవారు, కొత్తగా వచ్చినట్టు.

నవ్వకు, నిజంగానే చెబుతున్నా. ఆ కథంటే జనం చెవి కోసుకునేవారు. వినడానికి రావాలంటే ఏదో ఒక పని ఉండాలి కదా, ఊరికే వచ్చి కూర్చుంటే మాస్టర్ ఏమనుకుంటాడో అని, ఇంటి దగ్గరే చొక్కా గుండీ తెంపుకుని వచ్చేవారు. ఒక ముసలాయనైతే అంత ఓపిక కూడా లేక, గుమ్మం బయట నుంచుని ఒంటిమీదున్న చొక్కాకే తెంపుకుని, "ఎప్పుడు ఊడిందో ఏమో మాస్టరూ" అంటూ లోపలికొచ్చేవాడు. మాస్టర్‌కి తెలీదా, తెలుసు. నవ్వాపుకుని బల్ల చూపించేవాడు. మా వీధిలో గుండీలన్నీ ఉన్న చొక్కా ఎవరి ఒంటిమీదైనా కనపడిందంటే వాడికి ఆ కథ నచ్చలేదన్నమాట.

అలా బాగానే ఉండేది. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన ప్యాంటు వదులు చేయించుకోడానికి వచ్చి కూర్చుని విన్నాడు. విని, ఇంత కథ పొట్టలో పెట్టుకుని గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నావేంటయ్యా, ఈ పని మానేసి కూర్చుంటే నవల అయిపోతుంది కదా అన్నాడు. మంచిమనసుతోనే అన్నాడు, పాపం. అక్కడున్న ప్రతివాడూ అదే అందుకున్నాడు. మాస్టర్ కూడా, నీ పీట ఎక్కడికీ పోదు, నవల రాసుకుని రా అని భుజం తట్టి పంపించాడు. మా వదినైతే ఎగిరి గంతేసింది. తనే కుట్టుపని ఒప్పుకుంది, మేడమీద గది కడిగింది, బల్ల వేయించింది. ఆయన సూదీ దారం తీసుకెళ్లి ఎక్కడో పెట్టేసింది, మళ్లీ దాని మీదకి చూపు పోకూడదని. అక్కడే వచ్చింది తంటా. అప్పుడు మాత్రం ఎవరికి తెలుస్తుందే.

ఇక ఆయన కూర్చున్నాడు. చేతిలో పెన్ను ఉంది, ఎదురుగా కాగితం ఉంది, ఆవిడ మాత్రం రాలేదు. ఆవిడంటే ఆ టికెట్ల అమ్మాయి. మొదట్లో మా వదిన కాఫీ పట్టుకెళ్లి, ఇంటికి చుట్టాలొస్తున్నారా అని అడిగినట్టు ముద్దుగా, "వచ్చిందా ఆవిడ?" అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు. తెలిసినవాళ్లు ఒక్కొక్కళ్లూ ఒక్కో ఉపాయం చెప్పారు. చీకటితో లేవమని ఒకరు, నడిచి రమ్మని ఒకరు, బల్ల కిటికీ వైపు తిప్పమని ఒకరు, గోడవైపు తిప్పమని ఇంకొకరు. ఆ బల్ల తిరగని దిక్కు లేదు. నేను కూడా, పోనీ అన్నయ్యా, నువ్వు చెప్పు, నేను రాస్తా అని వెళ్లి కూర్చున్నా. రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. నువ్వు రాస్తుంటే నాకు అక్షరాలు కనపడుతున్నాయే గానీ ఆవిడ చెయ్యి కనపడట్లేదు అన్నాడు. కొన్నాళ్లకి వదిన, "ఏం, ఇవాళైనా దయచేసిందా మహాతల్లి?" అనడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకి అదీ మానేసింది. కాఫీ బల్లమీద పెట్టి వెళ్లిపోయేది. తిట్టినా బావుండునే అనేవాడు నాతో. పోనీ మళ్లీ కొట్టుకెళ్లి కూర్చోరాదా అంటే తల అడ్డంగా ఊపేవాడు. అంతమంది సాగనంపారు, ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనేవాడు.

ఈలోపు కొట్లో ఏమైందో చెప్పనా. జనం రావడం మానలేదు. అలవాటు పడిపోయారు కదా. గుండీలు తెంపుకుని వచ్చి, నవలాయన లేడు, తర్వాత ఏమైందో మీరైనా చెప్పండి మాస్టరూ అని ప్రాణం తీసేవారు. మాస్టర్ మాత్రం ఎన్నాళ్లని కాదంటాడు? కత్తెర ఆడిస్తూ తనకి గుర్తున్నదంతా చెప్పాడు, గుర్తులేని చోట కల్పించాడు. ఒక మధ్యాహ్నం వదిన కుట్టిన జాకెట్లు కొట్లో ఇచ్చి రమ్మని పంపితే అన్నయ్య తప్పక వెళ్లాడు. నేనూ వెనకాలే ఉన్నా. గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి లోపల కథ నడుస్తోంది. ఆ మచ్చ చెయ్యివాడు ఆ రోజు కిటికీ దగ్గరికి రాలేదట. చుట్టూ తిరిగొచ్చి, ఆవిడ గది తలుపు కొట్టాడట. ఆవిడ తలుపు తీసి, మొహం వంక చూడకుండా ముందు చెయ్యి పట్టుకుని మచ్చ తడిమి చూసుకుందట. ఇక పెళ్లి. ఒకటే సందడి. ఆ ముసలాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, ఏమనుకున్నా సరే. అన్నయ్య వంక చూస్తే, నోరు కాస్త తెరుచుకుని, పిల్లాడిలా వింటున్నాడు. ఇంతలో మాస్టర్ చూశాడు.

"రావయ్యా, సమయానికొచ్చావు. నీ కథే."

"ఆపకండి మాస్టరూ. తర్వాత ఏమైంది?"

"నన్నడుగుతావేంటయ్యా, నీ కథ నీకు తెలీదూ?"

"కిటికీ దాకానే నాది. తలుపు సంగతి నాకు తెలీదు."

వెటకారం చేస్తున్నాడనుకుని నవ్వబోయి, ఆ మొహం చూసి మాస్టర్ కత్తెర కింద పెట్టేశాడు. అన్నయ్య వెళ్లి తన పీట మీద కూర్చున్నాడు. అక్కడున్న చొక్కా ఒకటి ఒళ్లోకి లాక్కుని, సూది తీసుకుని, దారం ఎక్కించాడు. అందరూ కాస్త ముందుకి జరిగారు. నేనూ జరిగా. అమ్మయ్య, ఇప్పుడు మొదలవుతుంది అనుకున్నా. పై కాజా అయింది, దాని కింద కాజా అయింది, చొక్కా మొత్తం అయింది, నోట్లోంచి ఒక్క మాట రాలేదు. మడతపెట్టి పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. మర్నాడూ అంతే. జనం కొన్నాళ్లు చూశారు, తర్వాత వాళ్ల గుండీలు ఊడటం మానేశాయి. కళ్లు కనపడినంతకాలం ఆ పీట మీదే పని చేశాడు. నవలాయనా అని పిలిస్తే పలికేవాడు, అదీ చూడు. ఏం చెప్పమంటావే, నేను చూసినంతలో ఆ హుషారు వచ్చినన్నాళ్లు వచ్చింది, పోయాక మాత్రం ఎవరూ వెనక్కి తేలేకపోయారు.

ఆఁ? ఆయన అనుకున్న ముగింపా? ఉంది. ఎందుకు లేదూ, కొట్లో ఎవరికీ చెప్పలేదు గానీ నాకొక్కదానికే చెప్పాడు, పని మానకముందు, మేడమెట్ల మీద కూర్చుని. అలాంటిది ఎవరూ ఊహించలేరే. ఏంటంటే, ఆ రోజు జనం ఎవరూ లేరన్నమాట. కిటికీలోంచి ఆ చెయ్యి లోపలికి వచ్చింది. ఆవిడ టికెట్ తీసింది. తీసి... ఇవ్వలేదు. కాదు, ఇచ్చింది. ఇచ్చి, ఆ చేతి మీద... ఉండవే, తొందరపెట్టకు. ఆ చెయ్యి లోపలికి వచ్చింది. ఆవిడ... తలుపు కొట్టిన చప్పుడైంది. ఛ, అది మాస్టర్‌ది. ఆ చెయ్యి లోపలికి వచ్చింది. ఆవిడ లేచి తలుపు...

ఒలిచినవరకూ చాల్లే. ఆ తొక్కలన్నీ ఎత్తి పారబోసి రా.