కాయిల్ మొదటి కొసకు ఎర్రదారం

"చిన్న నాయినమ్మా, కాలేజీల వాయిస్ కాయిల్ మీద రాసుకురమ్మన్నరు. తాత స్పీకర్ల దుకాణానికి మీరే చుట్టేటోళ్లంట గద. ఫోన్‌ల రికార్డు పెట్టిన, చెప్పుండ్రి."

చెప్త శ్రావణీ. చిన్న ముచ్చటే, ఈ చాయ్ తాగేలోపు ఒడుస్తది.

స్పీకర్ లోపల ఉండే వాయిస్ కాయిల్ అంటే ఏం లేదు బిడ్డా. కాయితం గొట్టం మీద వెంట్రుకంత రాగితీగ చుట్టుడు. దాన్ని అయస్కాంతం సందుల నిలవెడితే, పాట కరెంటు వచ్చినప్పుడల్లా మీదికీ కిందికీ ఊగుతది. దానికి అతికిచ్చిన కోను సుత ఊగుతది, గాలిని తోస్తది. అదే మనకు వినవడేది. గింతే. మీ తాతైతే ఇది చెప్పనీకి గంట తీసుకునేటోడు, ఆఖరికి తనే కనిపెట్టినట్టు చెప్పేటోడు.

ఆ కాయిల్‌ను నడుమ పట్టుకొని ఉండేదాన్ని స్పైడర్ అంటరు. పురుగు కాదు, ముడతల గుడ్డ. ఎవ్వలకు కనవడదు, అది లేకుంటే కాయిల్ అయస్కాంతానికి రాసుకొని బొరబొరమంటది. మా ఇంట్ల ఆ పని నాది. మీ నాయినమ్మ ట్వీటర్, సన్న మోత స్పీకర్, సన్నగ మొదలువెడితే చెవి పట్టుకోవాల్సిందే. మీ తాత వూఫర్, లావు మోతది. మాట తక్కువ అర్థమైతది, గోడలు మాత్రం అదురుతయి. మా అత్త సన్న మోతను, లావు మోతను విడగొట్టే క్రాసోవర్. ఏ మాట ఎవరి చెవిల పడాలెనో ఆమెనే విడగొట్టి పంపేది. నవ్వకు, అట్లనే ఉండె కొంప.

ఏం చెప్తున్న? ఆ, చుట్టుడు. మా ఆయన, మీ చిన్నతాత, కాలం చేసిన యేడాది షురూ చేసిన. బోయిగూడల దుకాణం ముందల, మేముండేది ఎనక. వంటింట్ల చిన్న గిర్ర పెట్టుకొని చుట్టేదాన్ని. క్యాసెట్ల కాలం, చాయ్ అప్పుడు నలభై పైసలు... కాదు కాదు, అరవై. మొదటి కొస ఏదో తెల్వాలని దానికి ఎర్రదారం చుట్టి వార్నీష్ పెట్టేదాన్ని. అది నా అలవాటు, ఇంకెవ్వలు చెయ్యరు. ముందల దుకాణంల మీ తాత నా కాయిల్ ఎత్తి పట్టుకొని గిరాకీకి చూపిచ్చేటోడు. "మా చేతిపని" అనేటోడు. ఆ చేతులు ఎనక బియ్యం కడుగుతుండె.

నాకు ఒక్కటే ఉండె బిడ్డా, దుకాణంల నాకొక బల్ల కావాలని. నలుగురు చూసేటట్టు కూసొని చుట్టాలని. అడగంగ అడగంగ మీ తాత ఒప్పుకున్నడు. "సైనిక్‌పురి ఫంక్షన్ హాలు పని ఒడవనీ, నీకు బల్ల వేయిస్త" అన్నడు.

హాలుకు ఎనిమిది పెద్ద వూఫర్లు. దినాం పొద్దుగూకేదాకా చుట్టిన. డబ్బాకు రెండు చొప్పున బిగిచ్చిండ్రు. పెండ్లి నాడు డోలు కొడితే రేకు డబ్బా కొట్టినట్టున్నది. బాస్, ఆ లావు మోత, అనేదే లేదు. పెండ్లోళ్లు మీ తాతను నిలవెట్టి కడిగిండ్రు. ఇంటికొచ్చి నన్ను కడిగిండు. "ఆడోళ్ల చుట్టుడు అట్లనే ఉంటది" అన్నడు.

నాకైతే సమజైంది. రెండు కోన్లల్ల ఒకటి ముందుకు తోసేటప్పుడు ఇంకోటి ఎనకకు గుంజితే, ఒకదాని గాలి ఇంకోటి మింగుతది. ఫేజ్ తప్పుడంటరు. లావు మోతనే ఎక్కువ మింగుతది. చూడాల్నంటే టార్చిలైట్ సెల్లు తీగలకు ఆనిస్తే చాలు, కోను ముందుకు దుంకుతదో లోపలికి పోతదో కంటికే కనవడతది. "బావగారూ, ఒక్కసారి సెల్లు ఆనిచ్చి చూడుండ్రి" అన్న.

"పొయ్యికాడ ఉండేదానికి ఫేజ్ ఏం ఎరుక? నా చెవే నాకు సెల్లు" అన్నడు. మీ నాయినమ్మ పక్కనుంచి "చెప్పినకాడికి ఇను" అన్నది. ఇన్న.

ఎనిమిదింటినీ మళ్ల చుట్టమని సీతాఫల్‌మండి బషీర్‌కు ఇచ్చిండు. మంచోడు పాపం, కోన్లు అతికిచ్చుట్ల గట్టి. చుట్టుడు మాత్రం రాదు, చెప్పుకోనీకి సిగ్గు. దుకాణానికి చుట్టేది నేనని ఎరుకైనోడు, ఆటోల వేసుకొని ఎనక దర్వాజకు, నా దగ్గరికే తెచ్చిండు. "భాభీ, జెర ఇజ్జత్ కాపాడు" అన్నడు.

ఒక్క కాయిల్ ఇప్పలేదు. సెల్లు ఆనిచ్చిన. నాలుగు ముందుకు దుంకినయి, నాలుగు లోపలికి పోయినయి. మీ తాత ఒక నాలుగు అయస్కాంతాలు వేరే చోట తెచ్చిండు, వాటి ఉత్తరం దక్షిణం తిరగవడ్డయి. ఆ నాలుగింటికి తీగలు మార్చి అతికిచ్చిన. చాయ్ మరిగేంత పని.

హాలుల పెడితే ఛాతీ అదిరిందంట. మీ తాత బషీర్ భుజం తట్టి, "మొగోని చేతి చుట్టుడంటే గిది" అన్నడు. దుకాణంల బల్ల వేయిచ్చిండు, టేకుది. బషీర్‌ను కూసోవెట్టిండు.

ఇగ కాయిల్ పనంతా బషీర్ బల్ల మీదికి వచ్చేది. బషీర్ పొద్దుగూకంగ సంచిల వేసుకొని నాకు తెచ్చేటోడు. నేను చుట్టి, ఎర్రదారం కట్టి ఇచ్చేదాన్ని. చెప్తే ఇద్దరి పని పోతదని ఇద్దరం చెప్పలే. అట్ల పదకొండేండ్లు. మీ తాతను మోసం చేస్తున్ననని నాకు లోపల్లోపల కొంచెం సంతోషం సుత ఉండె.

రికార్డు అయిందా? సల్లగుండు బిడ్డా. నువ్వు చేసేటప్పుడు నీ బల్ల ముందే అడిగి తీసుకో.

ఇంకొకటి, అది రాయకపోయినా మంచిదే. మీ తాత దశదినం నాడు బషీర్ ఏడ్సుకుంట వచ్చి చెప్పిండు. మీ తాత మంచంల వడ్డప్పుడు, మనసు ఆగక బషీరే ఆయనకు అసలు ముచ్చట చెప్పిండంట. మీ తాత, "ఎరుకే. మొదటి సంచి నాడే ఎర్రదారం చూసిన. ఆమె ఎనక కూసుంటే పేరు దుకాణానిది. ముందల కూసుంటే పేరు ఆమెది" అని, నీళ్లు అడిగి తాగి పండుకున్నడంట.

బల్ల ఇంకా ఉన్నది. దాని మీద ఇప్పుడు మీ నాయిన ఫోన్ కవర్లు అమ్ముతడు.