డబ్బాలోని దీపం

పాత గిటారు డబ్బాల వయసు చెప్పడంలో చెవి తాతని మించినవాడు పుట్టలేదు, పుట్టబోడు, పొరపాటున పుట్టినా తాత దగ్గర పదేళ్ళు శిష్యరికం చెయ్యందే గట్టెక్కడు. ఈ మాట ఎవరన్నారని అడక్కండి. తాతే అన్నాడు.

ఆ మధ్యాహ్నం సన్నగా జల్లు పడుతోంది. టీ కొట్టు రేకు అంచు నుంచి నీళ్ళు దారాల్లా వేలాడుతున్నాయి. తాత రిపేరు గది ఆ పక్కదే గానీ తాత ఉండేది మాత్రం కొట్టు ముందు బల్ల మీదే. ఎదురుగా టీ కాచే అమ్మాయి, పక్కన దర్జీ. ఇద్దరికీ నడుమ ఆ రోజు ఒక కొత్త మనిషి, నలభై దాటిన ఆవిడ. ఒళ్ళోని గుడ్డసంచిలోంచి ఇటుకంత బూడిదరంగు డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. గిటారుకీ స్పీకరుకీ మధ్య తగిలించి కాలితో తొక్కే పెడల్ అది. తొక్కితే పాట నీళ్ళలో మునిగి తేలుతున్నట్టు ఊగుతుంది.

"మా అన్నయ్యది తాతగారూ," అంది. "ఇరవై రెండేళ్ళ కిందట ఎక్కడో రిపేరుకిచ్చాడు. తిరిగొచ్చింది తనది కాదంటాడు. అసలుది నొక్కేసి నకిలీది అంటగట్టారని ఆ రోజే గిటారు అటకెక్కించాడు. మళ్ళీ దించలేదు. ఇది అసలుదో కాదో మీరొక్క మాట చెప్తే, నేను అటక కింద నిచ్చెన వేసుకుంటాను."

తాత డబ్బా వంక చూశాడు. మూలనున్న సొట్ట ఎక్కడో చూసినట్టే ఉంది, కలలో కనబడ్డ మొహంలాగా. ఆ అనుమానాన్ని టీతో పాటు మింగేశాడు.

"విప్పి చూద్దామా?" అని దర్జీ, తాత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టాడు.

"విప్పడమా! నాడి చూడకుండా కడుపు కోసే వైద్యుడిలా కనిపిస్తున్నానటయ్యా నీకు?" తాత కాళ్ళు బల్ల మీదకి మడుచుకుని సర్దుకున్నాడు. కథ మొదలవుతోందని టీ కాచే అమ్మాయి మంట తగ్గించింది.

"మొదట్లో నేనూ లోకంలాగే విప్పేవాణ్ణమ్మా. శబ్దం పెంచడానికి తిప్పే గుండీ ఉంటుంది చూడు, దాని వీపు మీద అంకెలు కొట్టుంటాయి. ఏడాదీ, వారమూ అందులో దాక్కుంటాయి. తర్వాత టంకం చుక్కలు. పాతవైతే బూడిద పట్టుంటాయి, కొత్తవైతే అద్దంలా మెరుస్తాయి. మెరిసిందా, ఎవడో మధ్యలో చెయ్యి పెట్టాడన్నమాటే. ఇదంతా పలకా బలపం చదువు. మూడేళ్ళకే విసుగొచ్చి వాసన మీదకి మారాను. ఒకసారి ఇలాగే ఒక డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని ఏడాది చెప్పాను, వారం చెప్పాను, ఆ పూట టంకం పెట్టినామెకి జలుబు చేసిందని కూడా చెప్పాను."

"జలుబు వాసనేస్తుందా బాబాయ్?" అంది టీ కాచే అమ్మాయి.

"జలుబెందుకు వాసనేస్తుందే, ఆవిడ రాసుకున్న మందు వాసనేసింది! సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాసన కూడా మానేసి చెవి మీదకొచ్చాను. సరిగ్గా ఈ రకం డబ్బాయే. ఇందులో చిటికెనవేలి గోరంత బల్బు ఒకటుంటుందమ్మా. మామూలు దీపంలా వెలిగి కూర్చోదు. ఊపిరి తీస్తుంది. నిద్రపోతున్న పసిపిల్ల పొట్టలాగా పొంగుతుంది, తగ్గుతుంది. దానితో పాటే పాటా ఊగుతుంది. నేను కళ్ళు మూసుకుని డబ్బా తొక్కి, తీగ ఒక్కటి మీటాను. ఒక్కటే! ఆ రోజూ ఇలాగే జల్లు. కిటికీ అవతల చినుకులు పడేవి పడకుండా గాల్లో నిలబడిపోయాయి. గది గోడలు మెల్లగా ఊపిరి పీల్చాయి. నేను చించి పారేసిన క్యాలెండరు కాగితాలు నేల మీంచి లేచి ఒక్కొక్కటే వచ్చి మేకుకి తగులుకున్నాయి. నిన్న, మొన్న, కిందటేడు, నా పెళ్ళి రోజు, నేను పుట్టిన రోజు..."

"నువ్వు పుట్టకముందుకి పోలేదు గదా?" అన్నాడు దర్జీ.

"పోతూ పోతూ కాస్త దాటాను, మళ్ళీ వెనక్కొచ్చాను. మధ్యలో మాట్లాడకు. కళ్ళు తెరిస్తే పొడవాటి గది. పొడవాటి బల్ల. నలభై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఈ డబ్బాలే బిగిస్తున్నారు. ఒక్కొక్కరి చేతిలోంచి సన్నటి పొగ తిన్నగా పైకి లేస్తోంది, ఒక్క మాట లేదు. చివరి కుర్చీ ఖాళీ. పెద్దావిడ నన్ను చూసి, 'ఇంతాలస్యమా, కూర్చో' అంది. కూర్చున్నాను. బల్బు కాళ్ళకి రెండు చుక్కలు పెట్టాను. అంతే, నలభై డబ్బాల్లో నలభై దీపాలు ఒక్కసారే ఊపిరి తీశాయి! యజమాని పరుగెత్తుకొచ్చి నా చుక్కలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం సూర్యుడు కాస్త మిణుకుమిణుకుమంటున్నాడు, నువ్వైతేనే తగుదువని బతిమాలి నిచ్చెన వేయించాడు."

"సూర్యుడికి కూడానా బాబాయ్!"

"ఒక్క చుక్క టంకం పెట్టాను. ఇప్పటికీ ఊడలేదు, కావలిస్తే రోజూ చూసుకో. ఇక దిగొచ్చి, డబ్బా మూసేముందు అడుగు మూత లోపల పెన్సిలుతో చిన్న చెవి బొమ్మ గీశాను. నేను చెయ్యి పెట్టిన పనికి అదే నా ముద్ర. తర్వాత నా గదిలో మెలకువొస్తే టీ ఇంకా వేడిగానే ఉంది!" తాత వంగి డబ్బాకి చెవి ఆనించబోయాడు. "అంచేత తల్లీ, మీ అన్నయ్య డబ్బా..."

చెవికి ఖాళీ గాలి తగిలింది. డబ్బా అక్కడ లేదు. ఆవిడ ఒళ్ళో బోర్లా పడుకుని ఉంది. తాత సూర్యుడి దగ్గరున్నప్పుడే బల్ల మీది స్క్రూడ్రైవర్ అందుకుని నాలుగు మరలూ విప్పేసింది. మూత వెల్లకిలా తిప్పింది.

లోపల పెన్సిలుతో గీసిన చెవి బొమ్మ.

"అమ్మో!" టీ కాచే అమ్మాయి చేతిలో గరిటె జారిపోయింది. "బాబాయ్, నిజంగానే వెళ్ళొచ్చావా?"

"చెవి కింద తేదీ కూడా ఉందండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "ఇరవై రెండేళ్ళ కిందటిది. మా అన్నయ్య రిపేరుకిచ్చిన నెల." డబ్బాని వెలుతురుకి తిప్పింది. "చుక్కలన్నీ బూడిదరంగులో ఉన్నాయి. బల్బు కాళ్ళ దగ్గర రెండే ఇంకా కాస్త మెరుస్తున్నాయి. మెరిస్తే ఏమిటో మీరే చెప్పారు కదా తాతగారూ."

తాత కళ్ళ ముందు ఫ్యాక్టరీ లేదు, నలభై మంది లేరు. తన గది గుమ్మంలో బక్కపల్చటి కుర్రవాడొకడు డబ్బా పట్టుకుని నిలబడి, 'ఏం మార్చారండీ ఇందులో?' అని అడుగుతున్నాడు.

"డబ్బా అదేనమ్మా," అన్నాడు తాత. గొంతులో నాటకం లేదు. "ఎవరూ నొక్కెయ్యలేదు. బల్బు మాడిపోయింది. అలాంటిది దొరక్క రేడియో బల్బు పెట్టాను. ఇది ఆరుతుంది, వెలుగుతుంది, అంతే. ఊపిరి తియ్యదు. మీ అన్నయ్య పట్టేసి వెనక్కొచ్చాడు. దొరకలేదని చెప్పడానికి నాకు నామోషీ. దుమ్ము తుడిచాను, ఇంకేం ముట్టుకోలేదన్నాను."

"ముట్టుకోలేదన్నారా," అంది ఆవిడ. "అందుకే డబ్బాయే మారిందనుకున్నాడు."

తాత మూతలోని చెవి బొమ్మని బొటనవేలితో ఒకసారి తడిమాడు. "నా చెవి కంటే ఆయన చెవి గొప్పదమ్మా."

దర్జీ తాగుతున్న టీ దింపి తాత మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ నోట ఇంకొకరి చెవి పేరు వినడం అదే మొదలు.

తాత లేచి చెప్పులు వెతుక్కున్నాడు. ఆవిడ గొడుగు విప్పి సగం ఆయన వైపు వంచింది.

"బాబాయ్," టీ కాచే అమ్మాయి ఉండబట్టలేక అడిగింది, "ఆ తర్వాత ఏమవుతుంది?"

"తెలీదమ్మాయ్," అన్నాడు తాత. "వాళ్ళన్నయ్యని అడగాలి."

గొడుగు వీధి మలుపు తిరిగింది. జల్లు పలచబడింది. దర్జీ ఎందుకో రేకు కిందనుంచి తల బయటపెట్టి పైకి, సూర్యుడి వంక చూశాడు. టంకం గట్టిగానే ఉన్నట్టుంది.