సముద్రం కడిగే అడుగు

రాజమాణిక్కం నోట్లో ఒక వడ్లగింజ వేస్తే బియ్యం బస్తా దిగుతుందని వెల్లిచందై ఊళ్లో అంటారు. ఆ సాయంత్రం ముసురు పట్టి టమాటా కోతలు ఆగిపోయాయి. పక్కింటి గుణశేఖరన్, ఎదురింటి మునియమ్మాళ్ రాజమాణిక్కం తిన్నె మీద చేరారు. అతని గొప్పల కోతలు వినడానికి కాదు, లోపల మంచం మీద ఉన్న అతని పెండ్లాం సరసును చూడడానికి వచ్చారు. చూసి, ఏం మాట్లాడాలో తెలియక బయటికొచ్చి కూర్చున్నారు.

సరసు కుడిపాదం నల్లబడింది. రేపు పొద్దున ధర్మపురి పెద్దాసుపత్రిలో దాన్ని తీసేయాలి. రేపు దాటితే విషం పైకెక్కుతుందని, అప్పుడిక పాదంతో పోదని డాక్టరు చెప్పాడు. సరసు మాత్రం రానంది. పుట్టిన కాళ్లతోనే మట్టిలోకి పోతానని గోడవైపు తిరిగి పడుకుంది. కూతురు శివరంజని ఫోనులో ఏడ్చింది, తిట్టింది, ఏడ్చింది. రాజమాణిక్కానికి బతిమాలడం రాదు. వచ్చింది ఒక్కటే, కోతలు కొయ్యడం. తలుపు ఓరగా తెరిచిపెట్టి, లోపలికి వినపడేలా గొంతు పెంచాడు.

మద్రాసులో ఏరు సముద్రంలో కలిసేచోట ఒక పేట ఉందని, ఏటి గట్టు వెంట సముద్రం దాకా జనం నడవడానికి అక్కడ సిమెంటు దారి వేసిన తాపీపనివాడు, కొత్తనారు, తానేనని మొదలుపెట్టాడు. మొత్తం కాదు, అబద్ధమెందుకు, వంతెన దగ్గర మలుపు మాత్రమే తనది. ఎక్కేది లేదు, దిగేది లేదు, పసిబిడ్డలూ పండుముసలివాళ్లూ చేతులూపుకుంటూ పోయే దారి. అంతవరకు నిజమే.

“నేను రుద్దిన సిమెంటు ఎంత సాపుగా ఉండిందంటే గుణా, చెంబెడు నీళ్లు పోస్తే ఏ పక్క పోవాల్నో తెలీక ఆ నీళ్లు నిలబడి నన్నే అడిగినాయి. కర్రలు పట్టుకొని వచ్చిన ముసలోళ్లు మలుపు దాటేలోగా కర్ర పారేసి, పంచె ఎగ్గట్టి పరిగెత్తినారు. ఆ కర్రలతో వాచ్‌మన్ ఇంట్లో ఏడాది పొయ్యి మండింది, గ్యాసు కొనలేదు.”

“నాలుగు తెచ్చింటే మా టమాటా చెట్లకు నాటుకుందుము కదా మామా,” అన్నాడు గుణశేఖరన్. నవ్వు సగంలోనే ఆపుకున్నాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏరు చూసింది. ఇంత మంచి దారి ఉంటే నేనెందుకు గుంతల్లో పడి పోవాలని గట్టెక్కి నా దారి పట్టింది. మలుపు దగ్గర అందం చూస్తా నిలబడిపోయింది. పొద్దు గూకినా ఏరు రాలేదని సముద్రం వెతుక్కుంటా వచ్చింది. పేటలో ఇంటింటి తలుపు తట్టి, మా ఏరు ఇట్లొచ్చిందా అమ్మా అని అడిగింది. నేను సిమెంటు రుద్దే కరణి ఎత్తి, ఆడనే నిలబడు, సిమెంటు పచ్చిగా ఉండాది, కాలు పెట్టొద్దు అంటిని. నిలబడింది. ఆ పొద్దు నుంచి ఆ గీత దాటదు.”

“సముద్రం వినింది నీ మాట,” అంది మునియమ్మాళ్ మెల్లగా. “ఇంట్లో మనిషి వినదే.”

లోపల మంచం కిర్రుమంది.

కొత్త పనికి కర్పూరం వెలిగించాక దానిమీద చెప్పుకాలు పెట్టకూడదని ఈ పనివాళ్ల పట్టు. మద్రాసులో కంట్రాక్టరు రబ్బరు బూట్లు ఇచ్చాడు. రాజమాణిక్కానికి సిమెంటు మోసి అందించిన సరసు వాటిని షెడ్డులో పెట్టేసి, పచ్చి సిమెంటులో ఒట్టి కాళ్లతో తిరిగింది. షుగరుతో మొద్దుబారిన పాదానికి మంట తెలియలేదు. సిమెంటు తినేసిన సంగతి ఊరికి వచ్చాక, పుండు వాసన కొట్టాక తెలిసింది. ఇది మాత్రం అతను ఏ తిన్నె మీదా చెప్పలేదు.

“ఆ పచ్చి సిమెంటు మీద మా సరసు కుడికాలు పడింది,” అన్నాడు, ఇంకా గొంతు పెంచి. “ఐదు వేళ్లూ అచ్చు పడినాయి. ఇంజినీరు వచ్చి చూసి, చెరపొద్దు, ఇట్లాంటి కాలు మళ్లీ దొరకదు అన్నాడు. ఇప్పటికీ ఉండాది. పున్నమి పున్నమికి మాత్రం సముద్రం గీత దాటేది దానికోసమే. వచ్చి, కడిగి, పసుపు పూసి, వెనక్కి పోతుంది. పడవలోళ్లు దానికి దండం పెట్టనిదే వల ఎత్తరు. రేపు ఆ పట్నమంతా మునిగినా అది మునగదు. ఇంక ఈడుండే కాలు ఉంటే ఏమి, పోతే ఏమి? అసలు కాలు ఆడ భద్రంగా ఉండాది.”

చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

“గుణా, ఆ తలుపు బాగా తియ్యి,” అంది లోపలినుంచి సరసు.

గుణశేఖరన్ లేచి తీశాడు. ఆమె గోడవైపు లేదు. ఇటు తిరిగి, మొగుణ్ణే చూస్తోంది.

“ఆ అడుగు లేదు. మేస్త్రి అరుస్తాడని అప్పుడే నీ కరణితో నువ్వే సాపు చేసినావు. నేను పక్కనే సిమెంటు చట్టితో నిలబడి ఉంటిని. పని అయిన మర్నాడే మనల్ని లారీ ఎక్కించినారు. ఆ దారిలో మనం నడిచింది కూడా లేదు.”

రాజమాణిక్కం చేతిలో కరణి ఉన్నట్టు అరచెయ్యి తిన్నె మీద ఒకసారి రుద్దాడు.

సరసు దుప్పటి జరిపి కట్టు కట్టిన పాదాన్ని చూసుకుంది.

“ఇన్నాళ్లూ ఇది నా దగ్గరే ఉండాదనుకుంటి. ఇది ఆడనే, ఆ సిమెంటులోనే పోయింది,” అంది. దుప్పటి కప్పింది. “రేపు ఆటో ఎప్పుడు రమ్మన్నావు?”

అతను ఏ ఆటోకూ చెప్పలేదు.

“పొద్దు పొడవక ముందే వస్తాడు,” అన్నాడు రాజమాణిక్కం. “ఈ చుట్టుపక్కల అంత మెత్తగా పోయే ఆటో ఇంకొకటి లేదు. గుంతలు వాణ్ణి చూసి పక్కకు జరుగుతాయి.”

టవలు తలకు కప్పుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా, ఆటోను వెతకడానికి వానలోకి దిగాడు. గుణశేఖరన్ గొడుగు తీసుకొని వెనకాలే నడిచాడు.