పుస్తకాన్ని తలకిందులుగా చదివిన పాప

నా ఈ పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దలు పెంటయ్య గారికి, మా పాఠశాల కరస్పాండెంట్ చలపతిరావు గారికి, గచ్చిబౌలి ట్రాఫిక్‌ను దాటుకుని ఈ ఎండలో వచ్చిన తల్లిదండ్రులకు, నా తోటి ఉపాధ్యాయులకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ నా పాత విద్యార్థులకు, ఈవిడ ఎప్పుడు ముగిస్తుందా, కింద బిర్యానీ మూత ఎప్పుడు తీస్తారా అని ముందు వరసలో ఎదురుచూస్తున్న చిన్నారులకు, అందరికీ నా నమస్కారాలు.

ఇంతవరకు మాట్లాడినవాళ్ళు చాలా మంచి మాటలు చెప్పారు. చలపతిరావు గారైతే "మేడం మాట నేనెప్పుడూ కాదనలేదండీ" అన్నారు. ఆ సమయంలో స్టాఫ్ కూర్చున్న వైపు నుంచి ఒక్కసారిగా వచ్చిన దగ్గులు మీరూ వినే ఉంటారు. (నవ్వులు) ఏసీ వల్ల వచ్చిన దగ్గులనుకుందాం సార్.

మాది ప్రొద్దుటూరు. మా ఆయనకు బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం కాబట్టి ఈ ఊరికి వచ్చాను. ఈ బడిలో చేరినప్పుడు కిటికీలోంచి చూస్తే బండరాళ్ళు, వాటి మీద మేకలు కనిపించేవి. ఇప్పుడు అదే కిటికీలోంచి చూస్తే అద్దాల మేడలు, వాటి అద్దాల్లో మళ్ళీ మన బడే కనిపిస్తుంది. ఇంత మారిన చోట నేను మాత్రం ఒక్క పనే చేశాను. పిల్లలకు చదవడం నేర్పాను. నేర్పాననే అనుకునేదాన్ని, ఒక వార్షికోత్సవం దాకా. ఆ కథ చెప్పమని కనకలక్ష్మి టీచర్ పట్టుబట్టారు కాబట్టి చెబుతున్నాను. తప్పు పట్టదలచుకున్నవాళ్ళు ఆవిడనే పట్టుకోండి.

ఆ రోజు మన ముఖ్య అతిథి పెంటయ్య గారే. వేదిక మీద రెండో తరగతి హర్షిణి తెలుగు పుస్తకం పట్టుకుని సింహం, కుందేలు పాఠం చదువుతోంది. ఎక్కడా తడబాటు లేదు, కుందేలు మాటలకు సన్న గొంతు, సింహం మాటలకు బొంగురు గొంతు. పెంటయ్య గారు ముచ్చటపడి, అక్షరాలు ఎంత పెద్దగా ఉన్నాయో చూద్దామని మధ్యలో పుస్తకం తీసుకుని, కళ్ళద్దాలు సవరించుకుని చూసి, మళ్ళీ పాప చేతిలో పెట్టారు. పెట్టడం తలకిందులుగా పెట్టారు. సింహం కాళ్ళు ఆకాశంలో, కుందేలు చెవులు నేల వైపు. హర్షిణి ఆగలేదు. ఆపిన చోటు నుంచే అందుకుని చివరిదాకా గడగడా చదివేసింది.

పెంటయ్య గారు లేచి నిలబడ్డారు. "అరే చలపతిరావు సాబ్, పుస్తకం తలకిందులున్నా గూడ సదువుతున్నది ఈ బిడ్డ! మస్తు తెలివున్నది!" అన్నారు. చలపతిరావు గారు చేతులు జోడించి, "అదేనండీ మా స్టాండర్డు" అన్నారు. హాలంతా చప్పట్లు.

(అధ్యక్ష స్థానం నుంచి పెంటయ్య గారు: "నేను గప్పుడు నిజంగనే అనుకున్న మేడం!" నవ్వులు)

మీరే కాదు పెంటయ్య గారూ, హాలంతా అలాగే అనుకుంది. హర్షిణి వాళ్ళ నాన్న సురేంద్ర గారు ఆ వీడియోను స్టేటస్‌గా పెట్టుకున్నారు. నేను మాత్రం పక్కనే నిలబడి చప్పట్లు కొట్టబోయి, చేతులు కలపలేకపోయాను.

మర్నాడు హర్షిణిని నా హెడ్‌మిస్ట్రెస్ గదికి పిలిచి, ఎప్పుడూ చూడని ఒక చిన్న కథల పుస్తకం ఇచ్చాను. మొదటి పేజీలో ఒక వాక్యమే ఉంది. పాప బొమ్మను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ బొమ్మను చూసింది. తర్వాత నా అమాయకత్వానికి జాలిపడినట్టుగా అంది: "మేడం, ఈ పాఠం మాకింకా చెప్పలేదు కదా? చెప్పకుండా ఎట్లా చదువుతారు?"

టీచర్ చెప్పింది తిరిగి చెప్పడమే చదవడమని ఆ పిల్ల నమ్మింది. అంత తెలివైన పిల్ల, అంత ఇష్టంగా బడికి వచ్చే పిల్ల. మిగతా పిల్లల్నీ పిలిచి చూశాను. ‘మ’ అక్షరం చూపిస్తే చాలామంది ‘క’ దగ్గర మొదలుపెట్టి, పెదాలు కదుపుకుంటూ వరసంతా దాటి ‘మ’ దగ్గర దిగుతున్నారు. కూకట్‌పల్లి వెళ్ళాలన్నా ప్రతిసారీ మెట్రో మొదటి స్టేషన్‌లోనే ఎక్కాలన్నట్టు.

మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో తేజస్విని అనే అమ్మాయి ఉండేది. అదిగో, మూడో వరసలో కూర్చుంది. ఆమె ఇంట్లో లేనప్పుడు వచ్చే పార్శిళ్ళు నేను తీసుకుని దాచేదాన్ని. విశ్వవిద్యాలయంలో ఏదో పరిశోధన చేస్తోందని తెలుసు గానీ, ఏమిటో ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం పార్శిల్ కోసం వచ్చిన పిల్లను లోపలికి లాగి, కాఫీ ఇచ్చి, నా గోడంతా చెప్పుకున్నాను. విని, "ఆంటీ, నా పరిశోధనే అదండీ. పిల్లలకు చదవడం ఎలా వస్తుందన్నదే" అంది. ఇన్నాళ్ళూ ఆ అమ్మాయి చెప్పులు, మిక్సీ జార్లు దాచిపెట్టాను గానీ, అసలు సరుకు పై అంతస్తులోనే ఉందని నాకు తెలియలేదు. (నవ్వులు)

తేజస్విని మెల్లగా విడమరిచి చెప్పింది. మాటలు పిల్లలకు వింటూ వింటూ వచ్చేస్తాయట, చదవడం అలా రాదట. మాటలో ఏ శబ్దాలున్నాయో చెవికి పట్టించి, ఆ శబ్దాన్ని అక్షరానికి ముడివేసి, ఒక వరసలో రోజూ కొంచెం కొంచెంగా నేర్పాలట. వర్ణమాలంతా అయ్యేదాకా ఆగకుండా, నాలుగైదు అక్షరాలు రాగానే వాటితో మాటలు చదివించాలట. ఎన్నో దేశాల్లో ఎంతోమంది పిల్లల పక్కన కూర్చుని చూసి తేల్చిన సంగతులివి. నేను వాటిని వంటింట్లో నిలబడి నేర్చుకున్నాను.

సరే, బడిలో మొదలుపెట్టాం. మొదట శబ్దాల ఆట. "పలకలో ‘ప’ తీసేస్తే ఏమవుతుంది?" అంటే పిల్లలు "లక!" అనాలి. పిల్లలకు ఆట నచ్చితే అది పలక దగ్గర ఆగుతుందా? పేర్ల మీద పడ్డారు. చలపతిరావు గారు లపతిరావు అయ్యారు. నా పేరులో ‘ల’ తీసేస్తే ఎవరో తుమ్మినట్టుంటుంది. నేను వరండాలో నడుస్తుంటే అటునుంచి ఒక క్లాసు, ఇటునుంచి ఒక క్లాసు "క్ష్మీ! క్ష్మీ!" అని తుమ్మేవాళ్ళు. (పెద్దగా నవ్వులు)

అందరికంటే ఎక్కువ దెబ్బ కనకలక్ష్మి టీచర్‌కు తగిలింది. మొదట్లో ఆవిడకు ఈ పద్ధతి గిట్టేది కాదు. "ఏంది మేడం గిది? ఇన్నేండ్ల సంది చెప్తున్నం, మనం చెప్పినోళ్ళు ఇంజనీర్లు కాలేదా?" అని మొహం మీదే అడిగారు. అలాంటి మనిషి ఒకరోజు నా గదికి వచ్చి తలుపు వేసి, "మేడం, పిల్లలు నన్ను నకలక్ష్మి అంటున్నరు. నకలు లక్ష్మి! గీ వయసుల నాకిది అవసరమా?" అన్నారు. ఎవరన్నారో చెప్పండి, మందలిస్తానన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "గదే పరేషాన్ మేడం. నా క్లాసుల ఎన్నడు నోరు తెరవని పిల్ల అన్నది. ఒక్క అక్షరం గుర్తుపట్టదు, ఆ పిల్లకు రాదని ఇడిసిపెట్టిన. ఇయ్యాల పేరులకెల్లి కరెక్టుగ ‘క’ తీసేసింది" అన్నారు. ఆవిడ మొహంలో కోపమూ సంతోషమూ ఒకేసారి ఉన్నాయి. మరునాటి నుంచి పక్క సెక్షన్ల పిల్లలకు కూడా ఆవిడే ఆ ఆట నేర్పడం మొదలుపెట్టారు, తన పేరుతోనే.

ఇక సురేంద్ర గారి దగ్గరికి వద్దాం. లేవకండి సురేంద్ర గారూ, ఫోన్ వచ్చినట్టు నటించకండి, కూర్చోండి. (నవ్వులు) ఆయనదీ మా కడప జిల్లానే. హర్షిణి మళ్ళీ అక్షరాల దగ్గర మొదలుపెట్టిందని తెలిసి, మెడలో ఆఫీసు ఐడీ కార్డు కూడా తీయకుండా వచ్చారు.

"ఏం మేడం, మా పాపకు చదవను రాదంటాండారంట? నా దగ్గర వీడియో ఉంది!"

"ఆ వీడియోనే చూడు నాయనా. పుస్తకం ఎట్లుందో చూడు" అన్నాను.

వేళ్ళతో పెద్దది చేసి చూశారు. సింహం కాళ్ళు పైకున్నాయి. చాలాసేపు చూశారు. "అంటే... ఇది తెలివి కాదా మేడం?" అన్నారు.

"తెలివే నాయనా. చదవడం మాత్రం కాదు."

సాఫ్ట్‌వేర్‌లో అంత పెద్ద టీమును నడిపే మనిషి, ఆ ఫోన్‌ను బోర్లా పెట్టి గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. బిడ్డ గొప్పతనాన్ని లోకమంతా చూపించుకున్న తండ్రికి ఆ మాట చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని.

అంతటితో ఊరుకున్నారా? లేదు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు, ఈసారి ఇంకొంతమంది తల్లిదండ్రులతో. బట్టీ పట్టిన మాట కాకుండా నిజంగా అక్షరాలు కూడబలుక్కుంటున్నారో లేదో తెలుసుకోవడానికి, మేము పిల్లలకు ‘గులిబ’, ‘టోమె’ లాంటి లేని మాటలు రాసి చదివించేవాళ్ళం. పిల్లలు ఇంటికి వెళ్ళి "ఈరోజు గులిబ చదివాం" అంటే పెద్దవాళ్ళు గూగుల్లో వెతికారు. దొరకలేదు. దాంతో వాట్సాప్ గ్రూపు అంటుకుంది. ఫీజులు కట్టి అర్థంలేని మాటలు నేర్పించుకోవాలా అని. చలపతిరావు గారు నా గదికి వచ్చి, "మేడం, పక్క వీధి స్కూల్లో రోబోటిక్స్ అండీ. మన దగ్గర టోమె అండీ! నేనేం చెప్పుకోనండీ?" అన్నారు. అర్ధ సంవత్సర పరీక్షల దాకా చూస్తాను, అప్పటికీ గొడవ తగ్గకపోతే పాత పద్ధతికి వెళ్ళాల్సిందే అన్నారు. అలాగైతే నేనుండను సార్ అన్నాను. నోరు జారి అన్న మాట కాదు. అప్పటికి మా ఆయన ఫ్యాక్టరీ మూతపడింది. ఇంట్లో నా జీతమే ఆధారం. అయినా ఆ పిల్ల అడిగిన ప్రశ్న విన్నాక, మళ్ళీ సింహం, కుందేలు వల్లెవేయించడం నా వల్ల కాదు.

కనకలక్ష్మి టీచర్ వెంటనే, "మీరు పోతే నేను గూడ పోత. కూకట్‌పల్లిల కర్రీ పాయింట్ పెడదాం. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నారు. ఆ నెలంతా స్టాఫ్ రూంలో మేము పప్పుచారు ధర గురించే చర్చించుకున్నాం. ఆవిడ గుత్తివంకాయ చేసి తెచ్చి అందరికీ రుచి చూపించారు. అది తిన్నాక, చలపతిరావు గారు మమ్మల్ని వదులుకోరన్న ధైర్యం నాకు కొంచెం వచ్చింది. (నవ్వులు)

హర్షిణికి మాత్రం ఆ రోజులు నవ్వులాట కాదు. చప్పట్లు కొట్టించుకున్న పిల్ల, ‘పడవ’ దగ్గర ఆగి, చెమటలు పట్టి, పుస్తకం మూసేసేది. "నాకు ముందు చదవడం వచ్చేది. మీరే పోగొట్టారు" అని నన్నంది. రోజూ పొద్దున పక్కన కూర్చున్నాను. ప... డ... వ. మళ్ళీ ప... డ... వ.

పరీక్షలకు ఇంకా టైముండగానే ఒక సాయంత్రం సురేంద్ర గారు ఫోన్ చేశారు. వెనకనుంచి హారన్లు. కారులో ఆయన, ఆయన మేనేజరు, వెనక సీట్లో హర్షిణి. కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. మన రోడ్ల పక్కన ఏ బోర్డులుంటాయో మీకు నేను చెప్పాలా? హర్షిణి అద్దానికి ముక్కు ఆనించి కూడబలుక్కుని గట్టిగా చదివిందట: "మొ... ల... లు. మొలలు! ఆపరేషన్ లేకుండా! నాన్నా, మొలలంటే ఏంటి? నీకున్నాయా? అంకుల్, మీకున్నాయా?" (హాలంతా నవ్వులు) మేనేజరు గారు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారట. తర్వాత సంతాన సాఫల్య కేంద్రం, తర్వాత బట్టతల వైద్యం. ఒక్క బోర్డును కూడా వదల్లేదట.

"మేడం, ఎట్లా ఆపాల ఈ పిల్లను?" అన్నారు సురేంద్ర గారు. నేను నవ్వు ఆపుకోలేక ఫోన్ దూరంగా పెట్టాను. మళ్ళీ చెవిదగ్గర పెట్టుకునేసరికి ఆయన గొంతు మారింది. "మేడం, ఆ బోర్డు ముందెప్పుడూ చూడలేదు మేడం ఆ పిల్ల. ఇది నిజంగా చదవడమే కదా?"

"నిజంగానే నాయనా" అన్నాను. హారన్లు మోగుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత గ్రూపులో మా తరఫున వాదించింది సురేంద్ర గారే. పరీక్షల నాటికి గొడవ సద్దుమణిగింది, చలపతిరావు గారు పాత పద్ధతి మాట మళ్ళీ ఎత్తలేదు. హర్షిణి ఇప్పుడు ఆరో తరగతి. మొహం కప్పుకోకమ్మా, అయిపోయింది, ఇంకేమీ చెప్పను.

అందరికీ ఇలాగే జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. కొందరు పిల్లలు పక్క వీధికి వెళ్ళిపోయారు. కొందరికి ఎంత చేసినా ఒత్తులు ఇంకా తడబడుతూనే ఉన్నాయి, వాళ్ళకు ఇంకా ఎక్కువ రోజులు, ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. జూన్‌లో బడి తెరిచాక ఒకటో తరగతిలో ఎవరో ఒక పాప, ఎవరూ చెప్పని మాటను మొదటిసారి తనంతట తానే చదివి తలెత్తి చూస్తుంది. ఆ మొహం చూడటానికి నేనుండను. ఈ శాలువాలన్నీ బాగున్నాయి గానీ, ఆ బాధ ఒకటుంది.

తేజస్వినికి, కనకలక్ష్మి టీచర్‌కు, నన్ను కోప్పడడానికైనా బడిదాకా వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ, నేను రాజీనామా అంటే "నీ ఇష్టం, వంట నేను చేస్తా" అన్న మా ఆయనకు నా కృతజ్ఞతలు. వంట మాత్రం ఆయన చేయకపోవడమే మంచిదైంది.

చివరగా ఒక విన్నపం. చలపతిరావు గారూ, ఒకటో తరగతికి పొద్దున్నే ఉండే చదివే పీరియడ్‌ను వచ్చే ఏడాది కోడింగ్‌కు ఇవ్వాలని ఆలోచిస్తున్నారని విన్నాను. కోడింగ్ మంచిదే, మధ్యాహ్నం పెట్టుకోండి. ఆ పొద్దుటి పీరియడ్ మాత్రం ఉంచండి సార్.

(చలపతిరావు గారు: "ఆలోచిద్దామండీ.")

ఆలోచిద్దామంటే మీ దగ్గర అర్థమేమిటో స్టాఫ్‌కు తెలుసు సార్. (నవ్వులు) ఇదిగో మైకు.

(చలపతిరావు గారు లేచి: "ఆ పీరియడ్ ఉంటుందండీ. నేనున్నంతకాలం ఎవరూ ముట్టుకోరు." చప్పట్లు)

మన కంప్యూటర్ మాస్టారు అజయ్ గారు వీడియో తీస్తున్నారు. అజయ్ గారూ, ఆ మాట వచ్చిందా? గొంతు స్పష్టంగా పడిందా?

పడిందట.

ఇక నేను నిశ్చింతగా ఇంటికి వెళతాను. కనకలక్ష్మి టీచర్, పిల్లలు జాగ్రత్త. సెలవు.