బెజ్జం దాటిన పగులు

సకల జనుల సమ్మె రోజులు. స్టేషన్ ఘన్‌పూర్‌లోని రైల్వే క్వార్టర్లో సాయంత్రపు అన్నాల వేళ. వంతెనల మరమ్మతు ముఠాలో పనిచేసే దేవదాసు, భార్య వీరమ్మ, తమ్ముడు కట్టయ్య, పిల్లలు.

“బస్సులన్ని బందాయె. రైలెక్కద్దంటివి. మానుకోటకు నడిసి పోవాల్నా?”

“వద్దంటే వద్దు వీరమ్మా.”

“అక్క బిడ్డ కాన్పుకు నేను లేకుంటె ఎట్ల? ఎందుకొద్దో జర చెప్పు.”

“కట్టయ్యా, మీ రైల్ రోకో ఎప్పుడు?”

“ఎల్లుండన్నా. గిదేంది, నువ్వడుగుతున్నవ్? పోయినసారి పట్టాల మీద కూసుంటే చెవు పట్టి గుంజుకొస్తివి!”

“సూడు కట్టయ్యా, ఎట్ల మాట మారుస్తున్నడో.”

“వాగు మీది బిర్జి పగిలింది.”

“గది పాత పగులే గద? కొసకు బెజ్జం కొట్టినం, ఇగ పెరగదంటివి.”

“బెజ్జం దాటింది. ముసలి ఇనుము వీరమ్మా. బండి పోయినప్పుడల్ల ఇంత ఇంత పాకుతున్నది.”

“మీ ఇంజినీరు సార్‌కు చెప్పలేదా అన్నా?”

“చెప్పిన. ‘బండ్లు ఆపాలె సార్, బిర్జి చీలింది’ అన్న. ‘ముందు మీ రాష్ట్రం చీలనియ్యరా’ అని నవ్విండు.”

“నవ్విండా!”

“నేను సమ్మెల కలిసిననుకున్నడు. ఈ దినాలల్ల మన యాసల ఎవలు ఆపమన్నా ఉద్యమమే.”

“మరి ఎర్రజెండ సూపి నువ్వే ఆపన్నా.”

“సూపుత. ఆగుతది. నన్ను పక్కకు గుంజి మళ్ల పంపిస్తరు. పగులు మీద ఇనుప ప్లేటు బిగించాల్నంటె పూటంత బండ్లు రావద్దు. ప్లేట్లు, బోల్టులు బిర్జి కాడ్నే ఉన్నయి. లైనే ఖాళీ చేసియ్యరు.”

“ఒక్కన్నయితె గుంజుతరు గని...”

“కట్టయ్యా, నువ్వాగు! మీ అన్న నౌకరి ఉన్న మనిషి. క్వార్టర్ పోతది, పిల్లల చదువు పోతది. ఏమయ్యా, తినవేంది?”

“పొద్దుగాల బండిల ఎందరుంటరు వీరమ్మా?”

“నాకేం తెలుసు! నేను పోను, సరేనా? నేనెక్క రైలు.”

“నువ్వెక్కవు. తక్కినోళ్లు?”

“అట్ల సూడకు నా దిక్కు.”

“వదినా, ఏడ్వకు.”

“ఏడుస్తలేను. అన్నం సల్లారుతున్నది, గంతే.”

“అందరు ఇనుండ్రి, పిల్లలు గూడ. కట్టయ్యా, రోకో ఎల్లుండి గాదు, రేపే. మీవాళ్లందరిని పొద్దుగాల బండికి ముందే బిర్జి కాడికి తోలుకరా. మా ముఠా కింద ప్లేటు బిగిస్తది. పట్టాల మీద ముందుగాల నేను కూసుంట.”