లేచినవా, మనీషా?

హలో… ఆ, నేనే రాములమ్మక్కా, బడి కాడినుంచి కవిత టీచర్‌ను… అవును, సెలవులే. అయినా వస్తున్నం. పది తప్పినోళ్ల పేర్లు మళ్ల పరీక్షకు పంపాలె గద… ఇయ్యాలనే ఆఖరు. మనీషా లేచిందా? జర ఫోనియ్యి…

ఏంది? … పనికా? … ఎయిర్‌పోర్టు పక్క హోటల్లనా, నువ్వు ఊడ్చే కాడనే… దుప్పట్లు మడత పెట్టుడు… ఇయ్యాలటి నుంచేనా!

అక్కా, ఒక్క లెక్కల్లనే తప్పింది బిడ్డ. తెలుగుల ఎంత మంచిగ వచ్చినయో చూసినవా? … అట్లనకు. నువ్వు అట్లనకక్కా… సరే, మీ ఇద్దరిని తీస్కపోయే హోటల్ వ్యాను వచ్చేలోపే ఫోన్ పెట్టేస్త. ఒక్కసారి బిడ్డకియ్యి.

మనీషా? … నేను బిడ్డా. ఫలితాలొచ్చిన కాడినుంచి ఎన్నిసార్లు చేసిన! ఎత్తవేంది? … ఛార్జింగ్ లేదా? ఇన్ని రోజులా? మంచి మాట చెప్పినవ్… నవ్వుతున్నవా? సరే, నవ్వు. గదన్న విన్న.

ఇగో, విను. వచ్చే నెల మళ్ల పరీక్ష ఉంది. లెక్కలొక్కటే రాయాలె. ఫారం అంతా నేనే నింపిన. నీ సంతకం ఒక్కటే తక్కువ…

ఎవరన్నరట్ల? … బడి పేరు కోసమా? … మన బడిల పరీక్ష రాసిందే పిడికెడు మంది. ముగ్గురు తప్పేసరికి మండలంల అందరికన్న కింద పడ్డం. నిజమే. హెడ్‌మాస్టర్ రాఘవేందర్ సారును మీటింగుల నిలబెట్టి అడిగిన్రు. గదీ నిజమే. కానీ నువ్విప్పుడు పాసైనా ఆ లెక్క మారది మనీషా. అది మొదటిసారి రాసినోళ్లదే. దీంతోని బడికి వచ్చేదేం లేదు. నీ కోసమే…

చదువు నీకు రాదా? ఎందుకు రాదు? … చలికాలం అంతా చదివినవ్ గద! టీచర్లం పిల్లల్ని పంచుకున్నం, నా వంతుల నువ్వొచ్చినవ్. రోజు ఐదింటికి ఫోన్ చేసి నేనే లేపిన. ‘లేచినవా, మనీషా’ అంటే ‘లేచిన టీచర్’ అనేదానివి. ఒక్కనాడన్న మళ్ల పండుకున్నవా?

పండుకోలేదు… మరి?

ఏంది?

మళ్ల చెప్పు…

బియ్యం కడిగేదానివా?

… అమ్మకు టిఫిన్ డబ్బా… బాపు క్యాబ్ తీసుకొని పోతడు, ఆయనకొకటి… అంతకుముందు ఎవరు లేచేది? … అమ్మ. ఆఁ… నేను ఫోన్ చేయబట్టినంక అమ్మ జరసేపు ఎక్కువ పండుకునేది…

లేదు లేదు, అమ్మను అంటలేను. ఆమె ఎప్పుడు పండుకోవాలె మరి.

నాకు గిన్నెల చప్పుడు వినొచ్చేది బిడ్డా. మీ అమ్మ వంట చేస్తున్నది, నువ్వు పుస్తకం ముందట కూసున్నవ్ అనుకున్న. మొన్న సంక్రాంతి ముందు మీటింగుకొచ్చి మీ అమ్మ నా చేతులు పట్టుకున్నది. ‘మీ పుణ్యాన ఇల్లు టైముకు కదులుతుంది టీచర్’ అన్నది. నేను పోయి సారుకు చెప్పుకున్న. ఎంత సంబరపడ్డనో…

నువ్వెందుకు సారీ చెప్తవ్? … చెప్పకన్న గద.

మా ఇంట్ల డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. పొద్దుగాల నన్ను ఎవరన్న లేపితే బాగుండు అనుకునేదాన్ని. లేపితే చాలు, ఇగ మిగిలింది అదే అయితది అనుకున్న. లేచినంక ఏం చేస్తున్నవని ఒక్కనాడు గూడ నిన్ను అడగలే…

సరే. పొద్దుగాల చదువు వద్దు. పనైనంక సక్కగ మా ఇంటికే రా, శంషాబాద్ బస్టాండు ఎనుక. జవేరియా గూడ తప్పింది గద, అది వస్తనన్నది. అన్నం నేనే పెడ్త. ఏం వండొద్దు, ఏం కడగొద్దు…

కాళ్లా? ఇంక పోనే పోలేదు, అప్పుడే కాళ్లు నొస్తయంటవేంది! … అమ్మకు… రాత్రి అమ్మ కాళ్లు నువ్వే ఒత్తుతవా… ఊఁ.

ఏం కావాలె? మార్కుల మెమోనా? … సూపర్‌వైజర్ అడిగిండా? తప్పినట్టు ఉంటది గద దాంట్ల, ఏమన్న అంటడేమో… అది చూడడా? … పుట్టిన తేదీ కోసం… ఆఁ, ఉంటది. నడుమల రెండేండ్లు బడి మానేసినవ్ గద, పద్దెనిమిది నిండినయ్ నీకు. గదే చాలంటనా ఆయనకు…

ఇంత చదువుల గదొక్కటే పనికొచ్చిందా బిడ్డా?

ఏం లేదు. ఏం లేదు… ఇస్త. మెమో ఇస్త.

హారన్ గాదా అది? వచ్చిండా? … ఎక్కు, ఎక్కు. ఫోన్ పెట్టకు! వ్యాను మన బడి ముందటినుంచే పోతది గద? నేను గేటు కాడనే ఉన్న, ఫారం చేతిలనే ఉంది. డ్రైవరన్నకు చెప్పు, ఒక్క నిమిషం ఆపుమను. సంతకం పెట్టి పో. రాస్తవో రాయవో తర్వాత చూద్దాం…

వద్దని ఇప్పుడే చెప్పకు. ఇప్పుడు చెప్పకు మనీషా…

తెల్ల వ్యానేనా? కనిపిస్తుంది, మూల తిరిగింది. చెయ్యెత్తిన, చూడు… అన్నకు చెప్పినవా? … చెప్పు మరి! గట్టిగ చెప్పు…

కిటికీ కాడ నువ్వే గద… ఇటు చూడు బిడ్డా… తల దించుకుంటవేంది…

అన్నా! ఆపన్నా, ఒక్క నిమిషం—

మనీషా… ఆపకనే పోయిండేంది… హలో…

హలో…